పిడిగుద్దుల సాధన – కీళ్ళ నొప్పులు : నూనెకు ముందు నిదానం

కొన్నేళ్ళుగా నా వద్దకు కీళ్ళ నొప్పులతో వచ్చేవారి వయస్సు మారింది. ఒకప్పుడు అరవై దాటిన వృద్ధులు, బరువులు మోసి అలసిన కూలీలు, ఇంటి చాకిరీతో నడుము పట్టిన గృహిణులు వచ్చేవారు. ఇప్పుడు మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపుల నుండి ఇరవై ఏళ్ళ యువకులు, కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలు కూడ మణికట్టు పట్టుకుని వస్తున్నారు. కారణం అడిగితే చాలామంది చెప్పే మాట ఒక్కటే: “పంచింగ్ బ్యాగు కొడుతున్నామండీ.”

ఇది సంతోషించవలసిన విషయమే. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు తయారయ్యే యువకులు శరీరాన్ని గట్టిపరచుకోవాలనుకోవడం మంచిదే. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను ప్రపంచ స్వర్ణ పతకాలు గెలిచిన తరువాత తెలుగు ఇళ్ళలో బాక్సింగ్ అన్న మాటకు గౌరవం పెరిగింది. అయితే ఆమె కథలో మరొక భాగం కూడ ఉన్నది. 2017లో ఆమె భుజానికి గాయమై, శస్త్రచికిత్స జరిగి, చాలా కాలం పోటీలకు దూరంగా ఉండవలసి వచ్చింది. గాయపడిన కీలుకు తగిన చికిత్స, తగిన విశ్రాంతి లభించాయి గనుకనే ఆమె తిరిగి బరిలోకి దిగగలిగింది. మన ఇళ్ళలో ఈ రెండవ భాగాన్ని మరచిపోతున్నాము. నొప్పి వచ్చిన రోజు రాత్రే వేడి నూనె పోసి గట్టిగా మర్దన చేసి, మరునాడు ఉదయమే మళ్ళీ బ్యాగు ముందు నిలబెడుతున్నాము.

“కీళ్ళ నొప్పికి ఏ నూనె మంచిది?” అని నన్ను అడగని ఇల్లు లేదు. నా గురువుగారు ఈ ప్రశ్నకు ఎన్నడూ నూనె పేరు చెప్పేవారు కాదు. “ముందు నిదానం, తరువాత తైలం” అనేవారు. నిదానమంటే రోగ నిర్ణయం. నెమ్మది అని కూడ అర్థమే. ఆ రెండర్థాలూ ఈ వ్యాసానికి అవసరం. చేతికి వచ్చే నొప్పులన్నీ ఒకటి కావు. ఒక నొప్పికి అమృతమైన నూనె మరొక నొప్పికి కీడు చేస్తుంది. ఆ తేడాను ఇంట్లోనే ఎలా గుర్తుపట్టాలో తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

శాస్త్రం చెప్పిన కొలత

వాగ్భటుడు అష్టాంగ హృదయంలో దినచర్యను చెబుతూ, బలవంతులై, నెయ్యి, నూనె వంటి స్నిగ్ధ పదార్థాలు తినేవారు చలికాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకు వ్యాయామం చేయాలని, తక్కిన ఋతువులలో అంతకన్న తక్కువగా చేయాలని విధించాడు. అజీర్ణం ఉన్నవారికి, వాతపిత్త రోగులకు, పసిపిల్లలకు, వృద్ధులకు వ్యాయామం తగదన్నాడు. సగం శక్తి అయినదని తెలిసేది ఎట్లా? ముక్కుతో ఆడుతున్న శ్వాస నోటికి రావడం, నుదురు, ముక్కు, చంకలు, కీళ్ళ చోట చెమట పట్టడం, నోరు ఎండడం – ఇవి ఆ గుర్తులని పెద్దలు వివరించారు.

మన పడమటి ప్రకాశం ఎండలు అందరికీ తెలిసినవే. ఏప్రిల్, మే నెలలలో పగలు బ్యాగు కొట్టడం శాస్త్రానికీ, లోకజ్ఞానానికీ విరుద్ధం. చెమటతో నీరు పోయిన శరీరంలో వాతం పెరుగుతుంది, కండరం పట్టేస్తుంది, పట్టు తప్పిన కండరం కీలును కాపాడలేదు.

గుద్దు ఎక్కడెక్కడికి పోతుంది?

పిడికిలి బ్యాగుకు తగలగానే దెబ్బ అక్కడితో ఆగిపోదు. వేలి కణుపుల నుండి అరచేతి ఎముకలకు, అక్కడి నుండి మణికట్టుకు, మోచేతికి, భుజానికి పాకుతుంది. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మస్థానాలలో మణిబంధం, కూర్పరం, అంసం ఈ దారిలోనే ఉన్నాయి. మణిబంధమంటే మణికట్టు, దానికి దెబ్బ తగిలితే తీవ్రమైన బాధ కలుగుతుంది. కూర్పరమంటే మోచేయి, అంసమంటే భుజం, ఈ రెండింటికీ గట్టి దెబ్బ తగిలితే అంగవైకల్యం ఏర్పడుతుందని సుశ్రుతుని హెచ్చరిక. కీళ్ళలో శ్లేషక కఫం బండి ఇరుసుకు పెట్టిన కందెన వలె పని చేస్తుంది. విశ్రాంతి లేకుండా అదే కీలుపై అదే దెబ్బ పడుతూ ఉంటే ఆ కందెన తగ్గి, వాతం ఆ చోటును ఆక్రమిస్తుంది.

ఈ సంగతి మార్కాపురం వారికి పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు. బడిపిల్లల పలకలతో పేరు తెచ్చుకున్న ఊరు ఇది. పలక రాయిని ఉలితో, సుత్తితో పొరలుగా చీల్చే పనివారిలో మణికట్టు నొప్పి, మోచేతి వెలుపలి నొప్పి నేను విరివిగా చూస్తూ వచ్చాను. చేయి తిరిగిన పనివాడు సుత్తిని బిగించి పట్టుకోడు. సుత్తి బరువునే పని చేయనిస్తాడు. కాసేపు కొట్టి, కాసేపు చేయి దించుతాడు. కొత్తవాడు బిగించి పట్టి, ఆగకుండా కొట్టి, నెల తిరగకుండా నా వద్దకు వస్తాడు. బ్యాగు కొట్టేవారికీ ఇదే పాఠం. తగిలే క్షణంలో మాత్రమే పిడికిలి బిగియాలి. తక్కిన సమయమంతా చేయి వదులుగా ఉండాలి.

నాలుగు నొప్పులు

బ్యాగు కొట్టేవారి చేతి నొప్పిని నేను నాలుగు విధాలుగా విడదీసి చూస్తాను.

*మొదటిది – అభిఘాతం, అంటే దెబ్బ నొప్పి.* ఇది ఫలానా గుద్దుతో మొదలైనదని చెప్పగలిగే నొప్పి. వెంటనేగాని, కొన్ని గంటలలోగాని వాపు, ఎరుపు లేక కమిలిన రంగు, వేడి కనిపిస్తాయి. వేలితో ఒక్క చోట నొక్కితే ప్రాణం పోయినట్లుంటుంది. పిడికిలి సరిగా పట్టక గుద్దినవారికి చిటికెన వేలు, ఉంగరపు వేలు కణుపుల వెనుక అరచేతి ఎముక విరగడం సాధారణం. పిడికిలి బిగించినప్పుడు ఆ కణుపు లోపలికి కుంగినట్లు కనబడినా, ఆ వేలు ప్రక్క వేలి మీదికి ఒరిగినా, అది బెణుకు కాదని భావించవలెను. అట్లే బొటనవేలిని పైకి చాచినప్పుడు దాని మొదట్లో, మణికట్టు ప్రక్కన చిన్న గుంట ఏర్పడుతుంది. ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే లోపలి చిన్న ఎముక చిట్లి ఉండవచ్చు. ఈ పగులు మొదటి రోజు ఎక్స్-రేలో కనబడకపోవచ్చును. పది, పదునాలుగు రోజుల తరువాత మళ్ళీ తీయించవలసి వస్తుంది. అంతవరకు ఆ చేతికి కట్టు ఉండవలసిందే.

*రెండవది – శ్రమవాతం, అంటే అరుగుదల నొప్పి.* దీనికి ఫలానా రోజు మొదలైనదని చెప్పలేరు. సాధన మొదలుపెట్టగానే నొప్పి, వేడెక్కిన తరువాత తగ్గుదల, రాత్రికి మళ్ళీ లాగుడు. వాపు ఉండదు, ఉన్నా కొద్దిగా ఉంటుంది. చేయి కదిపితే కటకట శబ్దం రావచ్చును. రెండు మూడు రోజులు విశ్రాంతినిస్తే తగ్గిపోతుంది. ఈ దశలో అలక్ష్యం చేస్తే చరకుడు చెప్పిన సంధిగత వాతానికి దారి తీస్తుంది. ఆ కీలును తాకితే గాలి నిండిన తోలుతిత్తిని తాకినట్లు ఉంటుందని, చాచినా ముడిచినా బాధిస్తుందని ఆయన వర్ణించాడు.

*మూడవది – ఆమవాతం.* ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఈ వ్యాధి తరచుగా మొదట పట్టుకునేది వేలి కణుపులను, మణికట్టును. అంటే బ్యాగుకు తగిలే చోట్లనే. కాబట్టి నొప్పిని బ్యాగు ఖాతాలో వేసి ఊరుకుంటారు. తేడా ఇది: ఆమవాతంలో రెండు చేతులూ ఒకే తీరుగా నొస్తాయి. ఉదయం నిద్ర లేచాక ఒక గంటకు పైగా వేళ్ళు బిగుసుకుని ఉంటాయి. పని చేసేకొద్దీ కొంత సడలుతాయి. విశ్రాంతినిచ్చినా తగ్గదు. కాలివేళ్ళ మొదళ్ళు కూడ నొస్తాయి. ఆకలి మందగించడం, ఒళ్ళు బరువు, సన్నని జ్వరం తోడవుతాయి. మాధవకరుడు తన నిదాన గ్రంథంలో దీనిని ప్రత్యేక అధ్యాయంగా వివరించాడు. నా వద్దకు వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని రెండు నెలలు సాధన మానినా వేళ్ళ వాపు తగ్గలేదని చెప్పినది. బ్యాగు మానినా తగ్గని నొప్పి బ్యాగు వల్ల వచ్చినది కాదు. రక్తపరీక్షలో ఆమవాతం బయటపడినది. ఇట్టివారు ఆధునిక వైద్యులను కూడ తప్పక చూడవలెను. మొదటి నెలలలోనే సరియైన చికిత్స జరిగితే కీళ్ళు వంకర పోకుండా కాపాడుకోవచ్చును. ఒకే కీలు, ముఖ్యంగా కాలి బొటనవేలు, అర్ధరాత్రి నిప్పులు పోసినట్లు మండితే అది వాతరక్తం కావచ్చును. దానికీ పరీక్ష అవసరం.

*నాలుగవది – నీటి నొప్పి.* ఇది మన ప్రాంతం వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది. నాటి నెల్లూరు జిల్లాలో బావి నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని 1937లో మద్రాసు రాజధాని వైద్యులు ప్రకటించారు. భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించిన తొలి నివేదిక అదే. ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉన్న కనిగిరి, పొదిలి ప్రాంతాలు, కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. అదే తరువాత ప్రకాశం జిల్లా అయినది. లోతు బోర్ల నీరు త్రాగే పల్లెలలో ఈ సమస్య నేటికీ ఉన్నది. పళ్ళపై పసుపు, గోధుమ రంగు చారలున్న యువకుడు కీళ్ళు బిగుస్తున్నాయని వస్తే నేను చేతిని చూడకముందే ఏ నీళ్ళు త్రాగుతున్నావని అడుగుతాను.

ఇంట్లో చేసుకోదగిన మూడు పరీక్షలున్నాయి. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్ళను తాకగలగాలి. గడ్డం రొమ్ముకు ఆనగలగాలి. రెండు చేతులను పైకెత్తి, మోచేతులు మడిచి, తల వెనుక భాగాన్ని తాకగలగాలి. యువకుడై ఉండి వీటిలో ఏదైనా చేయలేకపోతే, మెడ, నడుము కూడ బిగుసుకుని ఉంటే, అతని నొప్పికి బ్యాగు ఒక్కటే కారణం కాదని అనుమానించవలెను. వెంటనే వైద్యునికి చూపించి, త్రాగునీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించవలెను. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదు. నీటిని మరగించితే ఫ్లోరైడ్ పోదు; నీరు ఆవిరై పోయినకొద్దీ మిగిలిన దానిలో గాఢత పెరుగుతుంది. పరీక్షించిన మంచి నీరే దీనికి మొదటి మందు. మన చింతపండుకు ఇక్కడ కొంత ఉపకారం ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, చింతపండు తీసుకున్న బాలురలో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ బయటకు పోవడం పెరిగినది. అయినా చారు త్రాగుతున్నాము గదా అని చెడ్డ నీరు త్రాగరాదు.

ఏ నొప్పికి ఏ ఉపచారం?

*దెబ్బ నొప్పికి, మొదటి రెండు రోజులు:* నూనె వద్దు, మర్దన వద్దు, వేడి కాపడం వద్దు. ఇది ఆధునికులు కనిపెట్టిన నియమమని కొందరు అనుకుంటారు. సుశ్రుతుడు భగ్న చికిత్సలో మర్రి మొదలైన చెట్ల పట్టల కషాయాన్ని చల్లార్చి ధారగా పోయమన్నాడు. మంజిష్ఠ, అతిమధురం, ఎర్రచందనం, బియ్యపు పిండి కలిపి, నూరుమార్లు నీటితో కడిగిన నేతితో పట్టు వేయమన్నాడు. అన్నీ చలువ చేసేవే. ఇంట్లో చల్లని నీటిలో తడిపిన గుడ్డగాని, గుడ్డలో చుట్టిన మంచుముక్కలు గాని పది, పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టవచ్చును. మంచును నేరుగా చర్మానికి తాకించరాదు. చేతిని గుండె కన్న ఎత్తులో దిండుపై ఉంచవలెను. ఉంగరాలు, కడియాలు వాపు పెరగకముందే తీయవలెను.

పసుపు, సున్నం కలిపి పట్టు వేయడం మన ఇళ్ళలో అలవాటు. సున్నం ఎక్కువైతే చర్మం కాలి పొక్కులు వస్తాయి. చర్మం చిట్లిన చోట ఏ పట్టూ వేయరాదు. కణుపులపై తోలు లేచిన పుండ్లను శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, పొడిగుడ్డ కట్టి, ధనుర్వాతం సూది విషయం వైద్యుని అడుగవలెను.

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగు కుటుంబం ఉండదు. ఎముకలు కట్టే సంప్రదాయం మీద నాకు గౌరవం ఉన్నది. సుశ్రుతుడు కూడ మేడి, రావి, మోదుగ పట్టలతో, వెదురు బద్దలతో కట్టు కట్టమన్నాడు. అయితే నేడు ఎక్స్-రే అందుబాటులో ఉన్నది. ఎముక ఎక్కడ, ఎట్లా విరిగినదో చూడకుండా ఎవరిచేతా కట్టు కట్టించుకోరాదు. చిన్న పిల్లల ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తని భాగం ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే చేయి పొట్టిదయ్యే ప్రమాదం ఉన్నది. కనుక బాలబాలికల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

*అరుగుదల నొప్పికి:* ఇది నూనె పని చేసే చోటు. వ్యాయామం తరువాత శరీరాన్ని సుఖంగా మర్దించుకోవాలని వాగ్భటుడు చెప్పినది ఇందుకే. మన వాగుల గట్ల మీద వావిలి చెట్టు విరివిగా దొరుకుతుంది. దానితో తైలం చేసుకునే విధానం ఇది:

నువ్వుల నూనె పావు లీటరు, వావిలాకు రసం ఒక లీటరు, నీటితో నూరిన శొంఠి ముద్ద 30 గ్రాములు. మూడింటిని అడుగు మందమైన పాత్రలో కలిపి సన్నని సెగపై కాచవలెను. అడుగంటకుండా కలుపుతూ ఉండవలెను. నీరు ఇంకినకొద్దీ ముద్ద గట్టిపడుతుంది. ఆ ముద్దను కొద్దిగా తీసి వేళ్ళ మధ్య నలిపితే వత్తి వలె సాగాలి. నిప్పులో వేస్తే చిటపట శబ్దం రాకూడదు. నూనెపై నురుగు లేవాలి. ఈ మూడు గుర్తులు కనబడినప్పుడు దింపి, వడగట్టి, పొడి సీసాలో భద్రపరచవలెను. శబ్దం వస్తే నీరు ఇంకా ఉన్నదని అర్థం. అట్టి నూనె త్వరగా చెడిపోతుంది.

ఈ నూనెను గోరువెచ్చగా చేసి, ఎముకల వెంట పొడవుగా, కీళ్ళ మీద గుండ్రంగా, మృదువుగా పది నిమిషాలు రాయవలెను. బలంగా పిసకడం వల్ల లాభం లేదు. తరువాత మూట కాపడం పెట్టవలెను. వావిలాకు, చింతాకు, ఆముదపు ఆకు సమానంగా తరిగి, చెంచాడు నూనెలో వేయించి, గుడ్డలో మూట కట్టి, పెనంపై వెచ్చజేసి, ముందు మీ ముంజేతి మీద వేడి చూసుకుని, పది నిమిషాలు అద్దవలెను. మధుమేహం వల్ల చేతులకు స్పర్శ తగ్గినవారికి కాపడం పెట్టరాదు. కాలినా వారికి తెలియదు. కాపడం తరువాత వెంటనే చన్నీటి స్నానం, ఫ్యాను గాలి కూడదు. తైలం చేసుకోలేనివారు మహానారాయణ తైలం గాని, క్షీరబలా తైలం గాని వాడవచ్చును.

*ఆమవాతానికి:* జీర్ణం కాని ఆమం కీళ్ళలో నిలిచి ఉన్నప్పుడు నూనె మర్దన బిగుతును, బరువును పెంచుతుంది. అందుకే చక్రదత్తాది గ్రంథాలు ఈ వ్యాధిలో మొదట లంఘనం, రూక్ష స్వేదం విధించాయి. రూక్ష స్వేదమంటే నూనె లేని కాపడం. ఇసుకను పొడిగా వేయించి గుడ్డలో మూట కట్టి అద్దడం. శొంఠి కషాయం, తేలికైన ఆహారం, వైద్యుని పర్యవేక్షణలో ఆముదం – ఇది ప్రారంభ క్రమం. గర్భిణులు ఆముదం ముట్టరాదు.

తినవలసినవి

ఎముకలకు నల్లేరు మన ప్రాంతపు వరం. సంస్కృతంలో దాని పేరే అస్థిసంహారం. ఎముకలను కూర్చేదని భావం. లేత కణుపులను మాత్రమే తీసుకుని, చేతులకు నూనె రాసుకుని నార తీసి, ముక్కలు చేసి నూనెలో బాగా వేయించవలెను. ఎండుమిర్చి, నువ్వులు, చింతపండు, ఉప్పుతో కలిపి నూరితే రుచికరమైన పచ్చడి అవుతుంది. పచ్చిగా ఉంటే నోరు, గొంతు దురద పెడతాయి. కనుక వేయించడంలో తొందర పడరాదు. వారానికి రెండు మూడుసార్లు చాలు.

జొన్న రొట్టె, రాగి సంకటి, కొర్ర అన్నం తిని పెరిగిన ప్రాంతం మనది. వాటితోపాటు మినుములు, నువ్వులు, మునగాకు, పాలు, నెయ్యి తగినంత ఉండాలి. కడుపు మాడ్చుకుని సాధన చేసేవారికి కండ పెరగదు, కీలు అరుగుతుంది. అరుగుదల నొప్పి ఉన్న యువకులు పెన్నేరు గడ్డ చూర్ణం 3 గ్రాములు రాత్రి పాలతో నెల రోజులు తీసుకోవచ్చును. గర్భిణులు, కాలేయ వ్యాధి, థైరాయిడ్ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు. యోగరాజ గుగ్గులు, లాక్షాది గుగ్గులు మంచి ఔషధాలే. కాని ఎవరికి ఏది తగునో వైద్యుడు నాడి, జఠరాగ్ని చూసి నిర్ణయించవలెను.

రెండు విషయాలలో గట్టిగా హెచ్చరిస్తున్నాను. సాధనకు ముందు రోజూ నొప్పి మాత్ర వేసుకునే అలవాటు కొందరు యువకులలో ప్రబలుతున్నది. నొప్పి కాపలాదారు వంటిది. కాపలాదారును నిద్రపుచ్చి దొంగను పట్టలేము. పైగా రోజూ వాడే ఈ మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి. చెమటతో నీరు పోయిన వేసవిలో మూత్రపిండాలను దెబ్బ తీస్తాయి. రెండవది: పేరు, తయారీదారు చిరునామా లేని కీళ్ళ నొప్పుల పొడులు. ఒక్క పూటలో మాయంగా నొప్పి తీసే పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చును. అది ఆయుర్వేదం కాదు.

సాధన తీరు మార్చుకోండి

నొప్పి తగ్గిన తరువాత అదే తీరుగా కొడితే అదే నొప్పి తిరిగి వస్తుంది. మన పల్లెలలో గోనె సంచిలో ఇసుక నింపి వేపచెట్టుకు వేలాడదీస్తున్నారు. ఇసుక క్రిందికి దిగి రాయి వలె గట్టిపడుతుంది. దానిని కొట్టడమంటే గోడను కొట్టడమే. పాత బట్టల ముక్కలు, దూది కూరి సమంగా నింపిన సంచి మంచిది.

వట్టి చేతులతో కొట్టరాదు. గ్లౌజు లోపల గుడ్డ పట్టీ చుట్టుకోవలెను. సుశ్రుతుడు చెప్పిన 14 విధాల కట్లలో స్వస్తిక బంధం ఒకటి. కీళ్ళకు, అరచేతికి దానిని విధించాడు. పట్టీ మణికట్టు మీద, అరచేతి మీద ఎదురెదురుగా దాటుతూ పోయే ఆ పద్ధతి, నేడు బాక్సర్లు చుట్టుకునే పట్టీకి దగ్గరగా ఉన్నది. వేళ్ళు చల్లబడినా, నీలమైనా పట్టీ మరీ బిగుతుగా ఉన్నట్లు.

బొటనవేలు పిడికిలి లోపల ఉండరాదు. చూపుడు వేలు, నడిమి వేలు కణుపులు ముందుగా తగలాలి. మణికట్టు ముంజేతికి సూటిగా ఉండాలి. మోచేయి పూర్తిగా చాచి తాళం పడేటట్లు కొట్టరాదు; గుద్దు గురి తప్పినప్పుడు మోచేయి దెబ్బతినేది అందువల్లనే. సాధనకు ముందు పది నిమిషాలు భుజాలు, మణికట్లు త్రిప్పి వేడెక్కించవలెను.

తిరిగి మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు: నొప్పి లేకుండా గట్టిగా పిడికిలి బిగించగలగాలి, అరచేతులు గోడకు ఆనించి శరీర భారం వేసినా నొప్పి రాకూడదు. ఇవి కుదిరిన తరువాత మొదటి వారం గాలిలోనే గుద్దులు. రెండవ వారం రోజు విడిచి రోజు, రెండు నిమిషాల చొప్పున రెండుసార్లు, తాకీ తాకనట్లు. మూడవ వారం నుండి సగం బలంతో. మరునాటి ఉదయం కీళ్ళు అరగంటకు మించి బిగుసుకుని ఉంటే, ముందు రోజు చేసినదానిలో సగానికి తగ్గించవలెను.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

వేలు గాని మణికట్టు గాని వంకర కనబడినప్పుడు, వాపు మూడు రోజులకు తగ్గనప్పుడు, వేళ్ళలో తిమ్మిరి గాని మొద్దుబారడం గాని ఉన్నప్పుడు, భుజం జారినట్లయి చేయి ఎత్తలేనప్పుడు, కీలు ఎర్రబడి జ్వరం వచ్చినప్పుడు, రెండు చేతుల కణుపులూ నెలకు మించి వాచి ఉన్నప్పుడు ఇంటి వైద్యం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు చేయి పట్టుకుని ఇంటికి వస్తే “ఇంత మాత్రానికేనా?” అని కసరవద్దు, పోలీసు ఉద్యోగం వద్దని సాధన మాన్పించవద్దు. ప్రక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ గుద్దుతో మొదలైనది? విశ్రాంతినిస్తే తగ్గుతున్నదా? ఒక చేయేనా, రెండు చేతులా? మెడ, నడుము వంగుతున్నాయా? ఈ నాలుగింటికీ జవాబు దొరికిన తరువాత నూనె సీసా మూత తీయవచ్చును.